కొండ మీద గాలి

పూర్వం మల్లెకోనలో దిక్కులేని ముసలివాళ్ళకు అంగడి వీధిలో ఒక ఇల్లు కట్టాలనుకున్నారు. పక్కనే పురాధికారి వీరమల్లయ్య మేడ. ముసలి దగ్గులు వింటూ ఆయన నిద్రపోలేడట.

"కొండ మీద కట్టండి. గాలి బాగుంటుంది" అన్నాడు.

ఆ ముసలివాళ్ళకు రోజూ గంజి పోసే నాంచారమ్మ, "అలాగే బాబుగారూ. కానీ స్థలం చూడబోయినప్పుడు అధికారి అన్న మాటే తీర్పు కదా, ఒకసారి దయచేయండి" అంది.

తీర్పు రాసే కరణం కూడా వెంట బయలుదేరాడు. మూడొందల మెట్లు. సగంలోనే పురాధికారి చతికిలబడ్డాడు.

"నలభై ఏళ్ళ నావల్లే కావడం లేదు. ముసలివాళ్ళు ఇక్కడెలా ఉంటారే?" అని రొప్పాడు.

నాంచారమ్మ వెనక్కి తిరిగింది. "రాసుకున్నారా, కరణంగారూ?"

"రాశానమ్మా."

పురాధికారి ఆమె భుజం పట్టుకునే కిందికి దిగాడు. అంగడి వీధిలో మర్నాడే పునాది తీశారు.