పులి మీసం మీద దావా

మధ్యాహ్నం నిద్ర చెడగొట్టే తగువులంటే సింగభూపతికి మహా చిరాకు. వాటి పీడ వదిలించుకోవడానికి ఆయన ఒక శాసనం వేయించాడు. ఒకరి పనితనం ఇంకొకరి ప్రదర్శనలో గానీ సరుకులో గానీ కనిపిస్తే, ఆ రాబడి మీద పనివాడు దావా వేసుకోవచ్చు. తగువు తేలేదాకా సొమ్ము దావా వేసినవాడి దగ్గరే ఉంటుంది. విచారణ కూడా దావా వేసినవాడే చేసుకోవాలి. దాంతో రాజుకు పని తప్పింది. ధర్మం ఏమైందని అడిగినవాడు లేడు.

ఆ శాసనం కోసమే పుట్టినట్టున్నాడు ఆస్థాన శిల్పి విరూపన్న. పులి, మేక పావులతో ఆడే తాతలనాటి పులిజూదానికే కొత్తగా రంగుల పలక చేసి, మేకల మెడలో గంటలు కట్టి, పులుల మొహాలకు రాజుగారి మీసం చెక్కాడు. తన మీసం పులి మొహాన చూసుకుని రాజు పొంగిపోయాడు. పలకలు చేసినవి చేసినట్టే అమ్ముడుపోయాయి.

నిజానికి వాటిని అమ్మిపెట్టింది పోలమ్మ. ఆమె ఒక పలక కొనుక్కుని, సంతలో గుడ్డ పరిచి, రెండు వైపులా తనే ఆడేది. ముసలి మేక అత్తగారి గొంతుతో సాధించేది. పులి సుంకం వసూలు చేసే అధికారిలా గదమాయించేది. చివరికి మేకలన్నీ కలిసి పులిని కదలకుండా కట్టేసేసరికి జనం కడుపు పట్టుకుని నవ్వి, గుడ్డ మీద కాసులు వేసి, ఇంటికి పోతూ తలా ఒక పలక కొనేవాళ్లు. ఆ కాసులతోనే పోలమ్మ ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఒకనాడు విరూపన్న మనుషులు వచ్చి దావా అన్నారు. కాసుల్ని గుడ్డతో సహా మూటగట్టుకుపోయారు. ఆమె పలక మానేసి, నేల మీద గీతలు గీసి చింతపిక్కలతో ఆడింది. ఆటలో మేక అన్న మాట వినిపించిందని మళ్లీ దావా. ఆఖరికి సంత చివర నిజం మేక ఒకటి అరిస్తే దాని మీదా దావా పడింది. మేకను తోలుకుపోయారు కూడా.

ఇదంతా చూసి ఓబన్నకు ఒళ్లు మండింది. ఓబన్న రాజుగారి మీసం దిద్దేవాడు. రోజూ పొద్దున్నే మైనం రాసి, కొనల దగ్గర రెండు మెలికలు తిప్పడం అతని కొలువు. ఆ మెలిక రాజ్యంలో మరో మగాడి మీసానికి ఉండకూడదని కట్టడి. అంత పెద్ద కొలువులో ఉన్నా, సంత రోజున పోలమ్మ ఆట చూడనిదే అతనికి అన్నం సయించదు. ఏలినవారికి మొర పెట్టుకోమని ఆమెకు తనే కబురు చేశాడు.

పోలమ్మ కొలువుకు వచ్చి జరిగింది చెప్పుకుంది. రాజు శాసనం ప్రకారం విరూపన్న వైపు చూశాడు.

"విచారించాను ప్రభూ," అన్నాడు విరూపన్న గొంతు సవరించుకుని. "న్యాయం నా వైపే ఉంది."

పోలమ్మ కళ్లు తుడుచుకుంది. "కాసులు పోతే పోయినయ్ దొరా. ఆ గుడ్డయినా ఇప్పించండి. అది మా అమ్మ కట్టిన కోక."

రాజుకు మనసు చివుక్కుమంది. కానీ వేయించిన శాసనం తప్పని ఒప్పుకుంటే ఇంక రాజెందుకు? ఈ శాసనం తప్పన్నవాడి నాలుక కోయిస్తానని, ఆ మాట అనకుండా ఈమెకు న్యాయం చేసినవాడికి వెయ్యి వరహాలు ఇస్తానని ప్రకటించాడు. మంత్రులు పైకప్పు చూడసాగారు.

ఓబన్న మైనం డబ్బీ చంకన పెట్టుకుని ముందుకొచ్చాడు. శాసనం బంగారం లాంటిదనీ, దాని చలవన తానూ ఓ చిన్న దావా వేసుకుంటాననీ అన్నాడు. దేని మీద అని రాజు అడిగాడు.

"పులి మీసం మీద ప్రభూ."

విరూపన్న నవ్వాడు. ఓబన్న రాజుగారి పక్కనున్న పలక మీది పులిని తీసి అతని చేతిలో పెట్టి, ఈ మీసం ఎవరిదని అడిగాడు.

"ఎవరిదేమిటి, ప్రభువులదే. కొన మెలికతో సహా వెంట్రుకంత తేడా లేదు."

"మీసం ప్రభువులది. మెలిక నాది విరూపన్నగారూ. నా పనితనం మీ ప్రతి పులి మొహానా కనిపిస్తోంది. కనుక ఇన్నాళ్లూ పలకల మీద వచ్చిన రాబడంతా తగువు తేలేదాకా నా దగ్గరుండాలి."

"అన్యాయం ప్రభూ. విచారణ జరగాలి," అన్నాడు విరూపన్న.

"జరిగింది. ఇప్పుడే విచారించాను. న్యాయం నా వైపే ఉంది."

సభలో నవ్వులు మొదలయ్యాయి. విరూపన్న కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాడు. మీసం మెలికలకు కూడా దావాలైతే రాజ్యం నిలుస్తుందా అని రాజుకు మొరపెట్టుకున్నాడు.

"రాజ్యమంటే గుర్తొచ్చింది," అంటూ ఓబన్న మొల నుంచి ఒక వరహా తీసి రాజు ముందు పెట్టాడు. దాని మీద రాజుగారి మొహం. మొహం మీద అదే మీసం, అవే రెండు మెలికలు.

"ఖజానా తాళాలు తమరే ఇప్పిస్తారా ప్రభూ, నన్నే వెళ్లి తెచ్చుకోమంటారా?"

రాజు చెయ్యి తనకు తెలియకుండానే మీసం మీదికి పోయింది. వరహా వైపు చూశాడు, ఓబన్న వైపు చూశాడు. తర్వాత నవ్విన నవ్వుకు పొద్దున తిప్పిన మెలికలు రెండూ ఊడిపోయాయి.

శాసనం చెక్కిన రాగిరేకును కరిగించి పోలమ్మకు బిందె చేయించమన్నాడు. పలక అమ్మితే వచ్చేది విరూపన్నదని, ఆడి మెప్పిస్తే వచ్చేది పోలమ్మదని తేల్చేశాడు. కాసులు, కోక, మేక ఎవరివి వారికి చేరాయి.

వెయ్యి వరహాల సంచీ తెప్పించి ముందు పెట్టినా ఓబన్న చెయ్యి చాపలేదు. ఏం, తీసుకోవేమని అడిగాడు రాజు.

"ఈ వరహాల అచ్చు చెక్కింది విరూపన్నగారేనట ప్రభూ. ముందు ఆయన్ని విచారించుకోనివ్వండి."

సభంతా గొల్లుమంది. విరూపన్న తనే ఆ సంచీ ఎత్తి, గబగబా ఓబన్న చేతిలో పెట్టేశాడు.