పూజలందుకున్న పంపు

పెద్దవాగుకు ఎగువన, ఏనుగుల బాట పక్కన, జంతువులకు ఒక ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయం ఉంది. గేటులోంచి రెండు ఏనుగులు పక్కపక్కన నడిచి వెళ్ళిపోవచ్చు. క్యాంటీను పర్వాలేదు. చదువు ఎలా ఉందో విద్యార్థులే చెప్పాలి, కాని వాళ్ళను అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

నీటి యంత్రాల విభాగానికి పెద్ద, నక్క జంబుకరావు గారు. పంపు గురించి చెప్పమంటే పొద్దు గూకేదాకా చెబుతారు. బోర్డు మీద ఆయన గీసే పంపు బొమ్మ చూడముచ్చటగా ఉంటుంది. అసలు పంపు మాత్రం పక్కనే ల్యాబులో, తాళం వెనక, కొన్ననాటి ప్లాస్టిక్ కవరు కప్పుకుని పడుకుని ఉంటుంది. ఏటా ఆయుధపూజకు తలుపు తీస్తారు. బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి మళ్ళీ తాళం వేస్తారు. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతుందని సార్ భయం. సార్ ముట్టుకోగా చూసినవాళ్ళు కూడా ఎవరూ లేరు.

ఆ విభాగంలో కోటయ్య అనే కోడె ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. వాళ్ళ మంద ఉండేది గుట్ట మీద. ఎండాకాలంలో దూడలు నీళ్ళ కోసం జారుడు రాళ్ళ మీదుగా వాగుకు దిగాలి. దిగిన దూడలన్నీ మళ్ళీ ఎక్కి వస్తాయన్న నమ్మకం లేదు. నీళ్ళను గుట్ట ఎక్కించే విద్య నేర్చుకు రమ్మని తల్లి పంపితే వచ్చాడు పాపం.

“ఈ వేసవికి మన చదువు అయిపోతుంది శశికళా,” అన్నాడు ఒకరోజు క్యాంటీనులో. “పంపు బొమ్మ కళ్ళు మూసుకుని గీస్తాను. నిజం పంపు ఎదురుగా పెడితే ఎక్కడ పట్టుకోవాలో తెలీదు. ఇంటికెళ్ళి దూడలకు బొమ్మ గీసి చూపించనా?”

కుందేలు శశికళకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. “మనం చెయ్యని ప్రయోగాలకు రికార్డులు కూడా రాసేశాం కదన్నా! రీడింగులు సీనియర్లవి. వాళ్ళకు వాళ్ళ సీనియర్లు ఇచ్చారు. మొట్టమొదట ఆ రీడింగులు తీసిన మహానుభావుడు ఏ జంతువో!”

“పోయి సార్‌నే అడగరాదూ?” అన్నాడు కోతి కొండబాబు, పకోడీ నములుతూ.

“అడిగాను. ముందు థియరీ గట్టిపడనీ నాయనా అన్నారు. ఇంకా ఎంత గట్టిపడాలి? రాయైపోయింది.”

అంతలో జంబుకరావు గారే పరుగులాంటి నడకతో వచ్చారు. ఆయన క్యాంటీనుకు రావడమే వింత. పైగా పిల్లలను పేర్లు పెట్టి పిలుస్తున్నారు. ఏదో ముంచుకొచ్చిందని అందరికీ అర్థమైంది.

“రేపు తనిఖీకి ఎలుగుబంటి గారు వస్తున్నారర్రా! ఈసారి గోడలూ రంగులూ చూడరట. పాఠాలు ఎలా ఉన్నాయో మిమ్మల్నే అడుగుతారట. ఇదేం చోద్యమో! సరే, ఏమడిగినా నన్ను పొగడండి. ఎవరెంత పొగిడితే వాళ్ళకు అన్ని ఇంటర్నల్ మార్కులు.”

“నాకు అబద్ధం ఆడటం రాదండి సార్,” అన్నాడు కోటయ్య.

“అయితే నువ్వు నోరు మూసుకుని ముందు వరసలో నిలబడు నాయనా. నీ మొహం చూస్తే చాలు, మంచి కాలేజీ అనుకుంటారు.”

ఆయన వెళ్ళగానే కోటయ్య తల వేలాడేశాడు. శశికళ చెవులు మాత్రం నిక్కబొడుచుకున్నాయి. “దిగులెందుకన్నా? ఎంత పొగిడితే అన్ని మార్కులన్నారు. ఇంతవరకే పొగడమని హద్దు పెట్టలేదు. ఆ తాళం నేను తీయిస్తాను చూడు.”

మర్నాడు ఎలుగుబంటి గారు వచ్చి, ఆవులిస్తూ కూర్చుని, “మీ సార్ పాఠం ఎలా చెబుతారమ్మా?” అని అడిగారు.

“మా సార్‌లాంటి సార్ ఉండరండీ!” అంది శశికళ. “బోర్డు మీద బొమ్మ గీసి ఊరుకోవడం ఆయనకు అస్సలు గిట్టదండి.”

జంబుకరావు గారి తోక కుచ్చులా విచ్చుకుంది.

“చేత్తో పట్టుకుంటేనే చదువు అంటారండి,” అన్నాడు కొండబాబు. “రోజూ ల్యాబు తెరిచి, పంపు విప్పించి, మళ్ళీ మా చేతే బిగింపిస్తారు. మాకు తప్పొస్తే ఆయనే చొక్కా చేతులు మడిచి దిగిపోతారు!”

తోక కొంచెం కిందికి దిగింది.

“ఆయన పంపు బిగిస్తుంటే చూడాలండీ, అబ్బబ్బ!” అంది శశికళ. “కళ్ళకు గంతలు కట్టినా బిగించేస్తారు.”

ఎలుగుబంటి గారి ఆవులింత ఆగిపోయింది. “ఆహా! ఎన్ని కాలేజీలు తిరిగాను, ఇలాంటి మాట ఎక్కడా వినలేదు. ఏదీ, నాకూ ఒకసారి చూపించండి జంబుకరావు గారూ. గంతలు వద్దులెండి.”

జంబుకరావు గారు చేతులు అడ్డంగా ఊపారు. “అయ్యో, పంపు మొన్ననే చెడిపోయిందండి…”

“అవునా బాబూ?” అని ఎలుగుబంటి గారు ఎదురుగా ఉన్న కోటయ్యను అడిగారు.

కోటయ్య సార్ వైపు చూశాడు, చేతులు నలుపుకున్నాడు, ఉన్నమాటే చెప్పాడు. “నేను చేరినప్పటి నుంచీ ఒక్కనాడూ చెడలేదండి. దాని మీద గీత కూడా పడలేదు.”

“చూశారా, పెద్దాయన ఎంత జాగ్రత్తగా చూసుకున్నారో! పదండి, పదండి,” అంటూ ఎలుగుబంటి గారు లేచారు.

ఇక తప్పేదేముంది? తాళం తీశారు. ఎండిపోయిన బంతిదండ పక్కన పెట్టి, కవరు లాగి, జంబుకరావు గారు గొట్టాన్ని చేతికి తోచినట్టు పంపుకు తగిలించారు. తొట్టి నిండా నీళ్ళున్నాయి. దేవుడికి దణ్ణం పెట్టుకుని స్విచ్ వేశారు.

గొట్టం ఊడి పక్కకు పోయింది. నీళ్ళు మాత్రం పక్కకు పోలేదు, తిన్నగా సార్ మీదకే వచ్చాయి. కొండబాబు ఎగిరి స్విచ్ ఆపేసరికి జంబుకరావు గారు ముట్టె నుంచి తోక దాకా తడిసి, ఒంటికి బంతిరేకులు అతుక్కుని నిలబడి ఉన్నారు. అంత కుచ్చుతోకా తాడులా అయిపోయింది. చూస్తే నాకే జాలేసింది.

ఎలుగుబంటి గారు ముక్కు మీది నీటిబొట్టు తుడుచుకుని నెమ్మదిగా అడిగారు. “పిల్లలు చెప్పింది నిజమేనా సార్?”

కాదంటే పిల్లలకు ఆ మాటలు ఎవరు నేర్పారన్నది తర్వాతి ప్రశ్న. నక్క తెలివి అటూ ఇటూ పరుగెత్తి, సందు దొరక్క వెనక్కి వచ్చింది.

“అక్షరాలా నిజమండి.”

“సంతోషం. ఇవాళ ఏదో చెయ్యి జారింది. రోజూ చేసేవారే కదా, రేపటికి సర్దుకుంటుంది. నేను తేనె కోసం ఇటువైపు తిరుగుతూనే ఉంటాను. కబురు చెయ్యకుండా వచ్చి చూస్తాను. ల్యాబు తెరిచే ఉంచండి.” వెళుతూ వెళుతూ కోటయ్య భుజం తట్టి ముసిముసిగా నవ్వుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ల్యాబు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. జంబుకరావు గారు పంపు ముందు గొంతుకూర్చుని ఉన్నారు. తోక ఇంకా పూర్తిగా ఆరలేదు.

“కోటయ్యా,” అన్నారు చిన్న గొంతుతో, “ఈ బోల్టు ఎటు తిప్పాలంటావు?”

“తెలీదు సార్. రెండు వైపులా తిప్పి చూద్దామా?”

శశికళ గుమ్మంలోంచి తల పెట్టింది. “సార్, ఎంత పొగిడితే అన్ని మార్కులన్నారు కదండీ…”

“ముందు ఆ గొట్టం పట్టుకోవే తల్లీ!”

ఆ వేసవిలో, వాగు దగ్గర కోటయ్య బిగించిన పంపుతో, గుట్ట మీద మంద దగ్గరకు నీళ్ళు ఎక్కాయి. దూడలు తొట్టిలో మూతులు పెట్టి తాగుతుంటే కోటయ్య తల్లికి కళ్ళు చెమర్చాయి. “ఎవరు నేర్పారు నాయనా నీకు ఈ విద్య?” అని అడిగింది.

కోటయ్యకు అబద్ధం ఆడటం రాదు కదా. “మా సారూ నేనూ ఒకే రోజు మొదలుపెట్టి నేర్చుకున్నామమ్మా,” అన్నాడు.

నీతి: లేని గొప్ప నలుగురి చేత చెప్పించుకుంటే, మర్నాటి నుంచి దానికి తగ్గట్టు బతకాల్సి వస్తుంది.