దాలమ్మ దంపుడు పాట

"ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమేమనగా!" అని వీధి చివర చాటింపు కేక. "నేటి నుంచి దంపుడు పాటలో 'దిగెనే' అన్న మాట ఎవరూ పలకరాదహో! పలికినవాళ్ళు ఊరొదిలి పోవాలహో!"

ఎప్పటి సంగతంటారా? మీ ముత్తాతకు ముత్తాత ఉయ్యాల్లో ఉన్నప్పటి సంగతి. కొండకింద ఒక ఊరు. ఊరికొక దొర. దొరగారి వాకిట్లో వడ్లు దంచే దాలమ్మ.

చాటింపు ఎందుకొచ్చిందో వినండి మరి. ఆ రోజే చిన్నదొర గద్దెనెక్కాడు. అక్కడొక కట్టుబాటు ఉంది. గద్దెనెక్కినవాడు పొద్దుగూకేలోగా ఊరందరికీ కొత్తబియ్యం అన్నం పెట్టాలి. పెడితేనే దొర. పెట్టలేదా, వాడూ మనలాంటివాడే! అందుకని వాకిట్లో రోళ్ళు వేశారు. రోటికిద్దరు ఆడవాళ్ళు. దాలమ్మ పాట ఎత్తుకుంది.

"తాతదొర ఎక్కెనే గద్దెపైకి, హోయ్
తాతదొర దిగెనే నేలపైకి
అయ్యదొర ఎక్కెనే గద్దెపైకి, హోయ్
అయ్యదొర దిగెనే నేలపైకి"

"ఎక్కెనే" అంటే ఒకామె రోకలి లేవాలి. "దిగెనే" అంటే అది పడాలి, ఎదుటామెది లేవాలి. పాట తప్పిందా, రోకళ్ళు ఢీకొంటాయి.

దాలమ్మ "చిన్నదొర ఎక్కెనే" అంది. మేడమీద చిన్నదొర చెవులు రిక్కించాడు. తరవాతి ముక్క ఏమిటో తెలిసిపోయింది. "ఆపండి!" అని అరిచాడు. చాటింపు వేయించాడు.

మొదట పాట లేకుండా దంచమన్నారు. రోకళ్ళు ఢీకొన్నాయి. ఒకామె వేలు చితికింది.

తరవాత తప్పెట కొడతాం, దంచమన్నారు. ఎవరు ఎత్తాలో ఎవరు దించాలో తప్పెట చెప్పదుగా! మళ్ళీ ఢీ.

మూడోసారి చిన్నదొరే కిందికొచ్చాడు. "పాడు. కానీ ఎక్కడం ఒక్కటే పాడు" అన్నాడు.

"సిత్తం బాబూ" అంది దాలమ్మ. "చిన్నదొర ఎక్కెనే గద్దెపైకి!"

రోకళ్ళు లేచాయి. అలాగే నిలబడ్డాయి. రోట్లో వడ్లు వడ్లలాగే ఉన్నాయి. పొద్దు కొండ వైపు జారుతోంది.

"దంచరేమే?"

"ఎలా దంచుతాం బాబూ? తవరి ఆజ్ఞ నెత్తి మీదుంది, రోకలి గాల్లో ఉంది" అంది ఒకామె. ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు.

చిన్నదొర పొద్దు వైపు చూశాడు. దాలమ్మ వైపు చూశాడు. "ఏమే, ఎక్కినవాడెవడూ ఉండిపోలేదా?"

"నేను సూడలేదు బాబూ. తవరు సూసుంటే సెప్పండి, పాటలో కడతాను."

అతను తాతముత్తాతల పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఉండిపోయినవాడు ఒక్కడూ దొరకలేదు.

"మరి దిగినవాళ్ళను ఎందుకు పాడతావు?"

"పాడితేనే కదా బాబూ, వోళ్ళు ఒకప్పుడు ఉండేవోళ్ళని తెలిసేది! గద్దె మీద ఇంకొకలు కూకుంటారు. పాటలో మాత్రం ఎవలి సోటు వోళ్ళదే."

చిన్నదొర వంగి రోట్లో వడ్లు చూశాడు. ఆఖరికి, "సరే, రెండూ పాడు" అన్నాడు. రోకళ్ళు పడ్డాయి. పొద్దుగూకకముందే అన్నం ఉడికింది. అతను దొరయ్యాడు.

ఏళ్ళు తిరిగాయి. అతనూ దిగాడు, మేనల్లుడెక్కాడు. ఆ తరవాత దాలమ్మ పోయింది. పెద్దకర్మ నాడు బియ్యం దంచుతూ ఆడవాళ్ళు "దాలమ్మ ఎక్కెనే" అని ఆగిపోయారు. పాపం, ఆవిడ ఏ గద్దె ఎక్కిందని? అప్పుడు వేలు చితికినామె అందుకుంది.

"దాలమ్మ ఎక్కెనే నోటిపైకి, హోయ్
దాలమ్మ దిగెనే గుండెలోకి"

చిన్నదొర అసలు పేరేమిటో ఇప్పుడెవరికీ తెలియదు. దాలమ్మ పేరు మాత్రం చంటిపిల్లకి కూడా తెలుసు. ఇప్పటికీ మా వైపు ఎవరికైనా పదవొస్తే, ప్రెసిడెంటుగారైనా సరే, ముందు రోటి దగ్గరికి రావాలి. ఆడవాళ్ళు ఆయన పేరుతో ఎక్కడమూ పాడతారు, దిగడమూ పాడతారు. దిగే ముక్కకి రోకలి ఆయనే దించాలి. మొహం మాడ్చుకోకూడదండోయ్!

అన్నట్టు, ఆ పెద్దకర్మ భోజనాల సంగతి చెప్పలేదు కదూ! విస్తళ్ళు వేశారు. గుమ్మం దగ్గర ముసలాయన ఒకడు నిలబడ్డాడు. చూస్తే చిన్నదొర! అందరూ గాభరాగా లేచారు.

"పీట తెండర్రా!" అన్నారెవరో.

"వద్దు. ఇన్నేళ్ళూ ఎత్తుపీట మీద ఒక్కణ్ణే తిన్నాను. ఏం తిన్నానో గుర్తులేదు" అన్నాడాయన. "కాస్త జరగండమ్మా."

జరిగారు. ఆయన కూర్చున్నాడు. లేచినవాళ్ళూ కూర్చున్నారు. వేడన్నం వచ్చింది, పప్పు వచ్చింది, అందరూ ఒకే బంతిలో కలిసి తిన్నారు.