ఎడమచేతి తలుపు

వెనకటికి ఒక రాజ్యం ఉండేది. దాని పేరు మా నాన్న చెప్పేవాడు, ఇప్పుడు గుర్తు లేదు, కథకు దాంతో పనీ లేదు. అక్కడి సేనాధిపతి అయిన దళవాయి వీధిలో బగ్గీ ఆపి, వెనక్కి చూడకుండా తలుపు తోసేవాడు. ఒకరోజు ఆ తలుపు తగిలి కుమ్మరి సింగన్న కావడితో సహా బోర్లా పడ్డాడు. కుండలన్నీ పగిలాయి. తలుపు మీది రాజముద్రకు గీత పడిందని దళవాయి అతణ్ణే రాజు ముందు నిలబెట్టి, కొరడా దెబ్బలు కొట్టించమన్నాడు.

"తింటాను ప్రభూ," అన్నాడు సింగన్న. "అయ్యగారు తలుపు ఏ చేత్తో తీశారో ముందు అడగండి."

"తలుపు ఎడమ పక్కనుంది. ఎడమ చేత్తోనే తీస్తాను," అన్నాడు దళవాయి.

"మా ఇళ్లలో తాంబూలమైనా ఎడమ చేత్తో అందుకోం ప్రభూ. ఆ తలుపు మీదున్నది మీ ముద్ర."

రాజు ముఖం మాడింది. "ఇతణ్ణి వదలండి. దళవాయీ, ఇకమీదట కుడి చేత్తోనే తియ్యి."

మర్నాడు వీధిలో బగ్గీ ఆపి, దళవాయి తలుపు తియ్యడానికి కుడి చెయ్యి ఎడమ పక్కకు చాచాడు. ఒళ్లంతా తిరిగి, చూపు దానంతటదే వెనక్కి పోయింది. చంటిబిడ్డను ఎత్తుకుని ఒకామె తలుపు వైపే వస్తోంది. ఆమె దాటేదాకా ఆగాడు. సింగన్న అడిగింది ముద్ర మర్యాద కోసం కాదని అప్పుడు అర్థమైంది.

దొర తనకోసం ఆగాడని ఆమె దణ్ణం పెట్టింది.

"నాక్కాదమ్మా," అన్నాడు దళవాయి. "కుమ్మరి సింగన్నకు పెట్టు."