ముత్తి ఇంటి వెనక దారి

తునికిగట్టు అడవిలో నెమళ్లు, కుందేళ్లు, ఉడుములు ఉండేవి. వాటి కాళ్ల కింద, రాళ్ల సందుల్లో, ఎలుకలు కాపురం ఉండేవి. అక్కడి ఎలుకలు ప్రతి కలుగుకూ రెండు దారులు తవ్వుకునేవి. ముందు దారి వచ్చిపోవడానికి, వెనక దారి ఆపదలో పారిపోవడానికి.

ముత్తి అనే ఎలుకకు ఏది కనబడినా ఇంటికి తేవడం సరదా. వేరుశనగ తొక్కలు, నెమలి ఈకలు, ఎండిన తునికి పండ్లు, ఎవరో పారేసిన గుడ్డపీలికలు, అన్నీ తెచ్చేది. తెచ్చినవి తెచ్చినట్టే పడేసేది. ముందు ఇల్లు నిండింది, తర్వాత వెనక దారీ నిండింది.

పక్క కలుగులోని లచ్చి మాత్రం రోజూ పొద్దున్నే తన వెనక దారిని తోకతో ఊడ్చుకునేది. అది చూసి ముత్తి ముసిముసిగా నవ్వుకునేది.

ఒకరోజు లచ్చి ఉండబట్టలేక, "వదినా, ఇల్లంతా చిందరవందరగా ఉంది. ఆ వెనక దారైనా ఖాళీ చేసుకో" అంది.

ముత్తికి రోషం వచ్చింది.

"గాలివాన వెలిశాక అడవి చిందరవందరగా ఉంటుంది. నిద్ర లేచిన పిల్లల బొచ్చు చిందరవందరగా ఉంటుంది. నాది నిండిన ఇల్లు వదినా" అంది.

కొన్నాళ్లకు ముత్తికి నలుగురు పిల్లలు పుట్టారు. ఒక మధ్యాహ్నం వాళ్లు ఆడుకుంటుండగా ముందు దారిలో జరజరా చప్పుడైంది. జెర్రిపోతు లోపలికి వస్తోంది!

ముత్తి పిల్లలను తోసుకుంటూ వెనక్కి పరుగెత్తింది. అక్కడ దారి లేదు, తను తెచ్చిన సామానే ఉంది. నెట్టినా కదల్లేదు, కొరికినా తరగలేదు. ఎంత పని చేసుకున్నానని కుమిలిపోతూ లచ్చిని కేకేసింది.

లచ్చి తన వెనక దారిలోంచి ఒక్క ఉదుటున బయటికొచ్చి, ముత్తి దారికి అడ్డంగా ఉన్నవన్నీ బయటి నుంచి లాగిపారేసింది. కొంచెం సందు దొరకగానే ఒక్కొక్క పిల్లనూ బయటికి తీసింది. చివరికి ముత్తి వచ్చింది. ఆమె తోకలో సగం పాము నోట్లోనే ఉండిపోయింది. ఆ ఇరుకు సందులో పాము మాత్రం పట్టలేదు.

తోక చూసుకుని ముత్తి ఏడ్చింది.

"బతికుంటే బలుసాకు తినొచ్చు వదినా, ముందు పిల్లలను చూసుకో" అంది లచ్చి.

పిల్లలు నలుగురూ ఉన్నారు. ముత్తి వాళ్లను దగ్గరికి తీసుకుని తృప్తిగా ఊపిరి పీల్చుకుంది.

అప్పటినుంచి గట్టు మీది ఎలుకలు కొత్త కలుగులో చేరే ముందు లచ్చిని పిలిచి వెనక దారి చూపించుకునేవి. ముత్తి కూడా కొత్త కలుగు తవ్వుకుంది. ఇల్లు ఇంత బోసిగా ఉందేమని ఎవరైనా అడిగితే, "నా పిల్లలు పరుగెత్తడానికి చోటు ఉంచాను" అనేది.

నీతి: ఇల్లు ఎంత నిండుగా ఉన్నా, సర్దుకోకపోతే ఆపదలో అక్కరకు రాదు.