కావేరి చూపు

మాఘ శుద్ధ ఏకాదశి, గురువారం, సాయంత్రం ఐదున్నర గంటలకి చూడామణి తన గురువుగారితో ఆ మాట చెప్పుకుంది. శఠగోపాచార్యులుగారి ఇంట్లో రోజూ ఆ వేళకి రామాయణ పాఠం జరిగేది. ఆవేళ శ్లోకం చదవమంటే ఆమె పుస్తకం మూసేసింది.

"అందరూ నన్ను మైండ్ డైవర్ట్ చేసుకోమంటున్నారు స్వామీ. ఆ ఇంగ్లీషు మాట నిఘంటువులో చూశాను. పోయేదాన్ని వేరే దారికి మళ్ళించడం ఒక అర్థమట, కాసేపు వినోదపరచడం ఇంకో అర్థమట. నన్ను ఏది చెయ్యమంటున్నారో వాళ్ళకే తెలీదు. నాకు రెండూ చేతకావడం లేదు."

చనిపోయిన చెల్లెలి కూతురు మైథిలిని పురిటిగుడ్డుగా తెచ్చుకుని ఆరేళ్ళు పెంచింది చూడామణి. మొన్న దసరాకి పిల్ల తండ్రి వచ్చి, మళ్ళీ పెళ్ళయిందనీ, ఇల్లు కుదుటపడిందనీ, పిల్లని పంపమనీ అడిగాడు. కాదనడానికేముంది? బట్టలు మడతపెట్టి ఇచ్చింది. అప్పట్నించీ స్కూలు బస్సు వచ్చే వేళకి కాళ్ళు వాటంతటవే వీధిగుమ్మంలోకి వెళ్ళిపోతాయి. అయినవాళ్ళు సినిమాకి తీసుకెళ్ళారు, తిరుపతి తిప్పుకొచ్చారు. తిరిగొచ్చాక మళ్ళీ గుమ్మమే. పక్కింటి తల్లిలేని పిల్ల దువ్వెన పట్టుకుని జడ వెయ్యమని వస్తే మాత్రం, తలనొప్పిగా ఉందని పంపేసింది.

"ఆ పిల్ల జుట్టులో చెయ్యి పెడితే మైథిలి నా చేతుల్లోంచి జారిపోతుందేమోనని భయం స్వామీ" అంది.

దొడ్లోంచి ఆవు అరుపు వినిపిస్తే, "కావేరి సంగతి చూసొద్దాం, పదమ్మా" అని లేచారు ఆచార్యులుగారు.

కావేరి దూడ పోయి మూడు రోజులయింది. బెల్లం పెడితే తింటోంది, గంగడోలు నిమిరితే నిమిరించుకుంటోంది, మళ్ళీ అరుస్తోంది. పాలు చేపడం లేదు. ఆ మధ్యాహ్నమే పాలేరు వీరన్న పొరుగూరి నుంచి తల్లి చచ్చిపోయిన లేగదూడని భుజాన వేసుకొచ్చాడు. పొద్దుగూకేలోగా దాని కడుపులో పాలు పడకపోతే అది దక్కదు. ఏకాదశినాడు ఇంటికొచ్చిన లక్ష్మి కదా అని ఆచార్యులుగారి భార్య అలివేలమ్మగారు దానికి పసుపు రాసి స్నానం చేయించి, తిరుచూర్ణం బొట్టు దిద్ది, తులసిమాల వేసి మరీ కావేరి ముందు నిలబెట్టారు. కావేరి ఒకసారి వాసన చూసి, దండ నమిలేసి, దూడని ఒక్క తన్ను తన్నింది.

"బొట్టు చూసి పాలిస్తాదేంటండీ అమ్మగారూ" అన్నాడు వీరన్న.

"నువ్వు మోసుకొచ్చినవాడివి, ఆ మాట ముందే ఏడవచ్చుగా" అన్నారావిడ.

ఆచార్యులుగారు వీరన్నకేసి తిరిగి, "చచ్చిన దూడ పడుకున్న గోనె ఏదిరా?" అన్నారు. దిబ్బ మీద పారేసిన గోనెపట్టా తెచ్చాడు వీరన్న. దాన్ని చూడామణి చేతికిచ్చి, "నువ్వు రుద్దమ్మా" అన్నారు ఆచార్యులుగారు.

ఆమె పసుపంతా కడిగి, వీపు నుంచి తోక దాకా ఆ మురికి గోనెతో దూడని రుద్దింది. కావేరి మెడ చాచింది. చాలాసేపు వాసన చూసింది. నాలుక బయటికి పెట్టి ఒకసారి నాకింది, మళ్ళీ నాకింది. దూడ తడబడుతూ పొదుగు కిందికి దూరింది. దాని మూతి చుట్టూ నురగ కట్టడం చూసి చూడామణి కూలబడి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని చూసేసరికి కావేరి కదలకుండా నిలబడి పాలిస్తూనే, తన దూడని మోసుకుపోయిన వైపు, కంచెకేసి మెడ తిప్పి సన్నగా అరుస్తోంది.

"అది మరిచిపోలేదు స్వామీ."

"ఊఁ" అన్నారాయన.

మర్నాడు ద్వాదశి. వీరన్న పాలచెంబు తీసుకెళ్ళబోతే ఆచార్యులుగారు వద్దన్నారు. "పెరుమాళ్ళకి పాలు ఆరగింపు లేకుండానా?" అని అలివేలమ్మగారు కాస్త గొణిగి, పానకం కలిపి నైవేద్యం పెట్టారు. ఇంటిల్లిపాదీ అవిసాకు కూరతో పారణ చేసి, పాలు లేని కాఫీ తాగారు. పారణకి వచ్చిన చూడామణి తన గ్లాసు పట్టుకుని దొడ్లోకి వచ్చి నిలబడింది. దూడ పొదుగు కుమ్ముతోంది. కావేరి కంచె వైపే చూస్తోంది.

"ఇంకా ఎన్నాళ్ళు అలా చూస్తుంది స్వామీ?"

ఆచార్యులుగారు దూడ వీపు మీద చెయ్యి వేశారు. "దాని చూపు దానిదే తల్లీ. ఎండిపోతుందనుకున్న పాలు ఎటు పోతున్నాయో, అది చూడు."