కంప్యూటర్లో లేని ఊట

హేమసుందర్‌కి వచ్చిన చిక్కు ఇది. కొండ పక్కని కోసి రోడ్డు వేయాలి. కోసిన వాలు నిలబడుతుందా, జారుతుందా అన్నది కంప్యూటర్ తేల్చాలి. వాలు నడుమ ఓ ఊట ఉంది. వాళ్ళాఫీసు సాఫ్ట్‌వేర్‌కేమో ఊటలూ గీటలూ తెలియవు. కొండంతా తడి అనాలి, లేదా కొండంతా పొడి అనాలి. తడి అంటే వాలు జారిపోతుందంది. పొడి అంటే భేషుగ్గా నిలబడుతుందంది.

మనవాడు పొడి అన్నాడు. పైగా అదో ఘనకార్యం అనుకున్నాడు.

డ్రాయింగు పట్టుకుని సింహాద్రినాయుడు గారి దగ్గరికి వెళ్ళాడు. ఘాట్ రోడ్లు వేసి వేసి తల నెరిసిన ఇంజినీరు ఆయన. హేమసుందర్‌కి పని నేర్పుతున్నదీ ఆయనే. ఆయన సంతకం పెడితే తెల్లారే మట్టి తవ్వే ప్రొక్లెయిన్ కొండెక్కుతుంది. ఆ కొండ కిందే ఓ గూడెం ఉంది.

"మరి ఊటేదిరా?"

"అందులో పెట్టడానికి చోటు లేదండి. అందుకని తీసేశాను."

"ఓర్నీ, ఎంత సులువు!" నాయుడు గారు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశారు. "పద, ఓసారి చూసొద్దాం."

జీపులో వెళ్ళారు. గూడెంలో ఒకావిడ ఇంటి ముందు చోళ్ళు చెరుగుతోంది. నాయుడు గారు వాలెక్కి, గడ్డి మరీ పచ్చగా ఉన్నచోట ఆగారు.

"కూకో."

"ఇక్కడాండీ?"

"పొడే కదరా. కూకో."

కూర్చున్నాడు. ఆయన మాత్రం ఎదురుగా బండ మీద చేరి, చుట్ట వెలిగించి, వానల సంగతీ మామిడికాయల సంగతీ మొదలెట్టారు. మనవాడు అటు కదిలాడు, ఇటు కదిలాడు. లేవబోయాడు.

"ఏటా తొందర?"

మళ్ళీ కూలబడ్డాడు. చుట్ట సగమయ్యేసరికి ప్యాంటు తడిసి ముద్దయింది. సిగ్గేసింది. తల దించుకుంటే సరిగ్గా కాళ్ళ కింద ఆ ఇల్లే కనిపించింది. ఆవిడ చేట పక్కన పెట్టి బిడ్డకి పాలిస్తోంది. అప్పుడు మాత్రం భయమేసింది.

లేచి నిలబడి వాలుని పైనుంచి కిందిదాకా చూశాడు.

"వాలుని రెండు ముక్కలు చేస్తానండి," అన్నాడు చివరికి. "ఊటకి పైన పొడి అని ఒకసారి, ఊట నుంచి కిందికి తడి అని ఒకసారి లెక్క వేయిస్తాను. తడి ముక్కకి వాలు తగ్గిస్తాను, నీళ్ళు పోవడానికి గొట్టాలు పెడతాను. రేపు ప్రొక్లెయిన్ రావద్దని చెబుతాను."

నాయుడు గారు తలూపి బండ దిగారు.

"ఈ మాట ఆఫీసులోనే చెప్పొచ్చు కదండీ?"

"చెప్తే రాసుకుని ఊరుకుందువు."